సలోమి దారం కట్టింది నేనే

పదకొండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోసుకు తిరిగాను. కొలిస్తే జానెడు పసుపు దారం. అంతే. దాన్ని మోస్తూ నేను ఎవరి ముఖంలోకీ సరిగ్గా చూడలేకపోయాను. చూస్తున్నట్టు నటించాను. నటన నాకు వచ్చునంటే మా వైపు ఎవరూ నమ్మరు. ముక్కుసూటి ముసలోడంటారు నన్ను. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండేది. వాళ్ళ మీద కాదు.

పేరు రాయను. దాచుకోవడానికి కాదు. కాజీపేటలో సైకిలున్న ప్రతి ఇంటికీ నేనెవరో, ఏం చేశానో ఇప్పటికే తెలుసు. మీకు పేరుతో పనిలేదు. చేసిన పనితోనే పని.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. మా నాయన రైల్వేలో పట్టాల పని చేసేవాడు. ఆయనకు సద్ది తీసుకుపోతూ స్టేషన్ బోర్డు దగ్గర నిలబడి కూడబలుక్కున్నదే నా చదువు. నాకు మొదట వచ్చిన అక్షరాలు అ ఆలు కావు, ‘కా’, ‘జీ’. ఆ తర్వాత చేతికి దొరికిన కాగితమల్లా చదివాను. చదివిన కొద్దీ కోపం పెరిగింది. చేతి పని చేసేవాడికి తెలివి ఉండదని రాసినవాళ్ళంతా కుర్చీల్లో కూర్చుని రాశారని అర్థమైంది.

సైకిల్ రిపేరు సంఘం పెడతానన్నప్పుడు అలాంటివాళ్ళే నవ్వారు. మోటారు బండ్ల కాలంలో సైకిళ్ళకు సంఘమా అన్నారు. తొమ్మిదిమందిమి ఒక రేకుల షెడ్డు కింద మొదలుపెట్టాం. యజమాని లేడు, కూలి లేడు. పని చేసే ప్రతివాడిదీ సమానమైన మాట. తన బండి తనే బాగు చేసుకుంటానని వచ్చినవాళ్ళ చేతికి పానా ఇచ్చి పక్కన నిలబడి నేర్పించాం. దవాఖాన ఆయాలు, హాస్టళ్ళలో వంట చేసేవాళ్ళు, కూరగాయల గంపలవాళ్ళు, ఘన్‌పూర్ నుంచి పాసింజరు కిటికీకి సైకిల్ తగిలించుకుని వచ్చిన పాలవాళ్ళు, అందరూ మా గేటు ముందు నిలబడ్డారు. నవ్విన పెద్దమనుషుల్లో ఒకాయన తన మనవరాలి సైకిల్ తోసుకుంటూ వచ్చిన రోజు నేను ఆయన్ను గుర్తుపట్టనట్టు ఊరుకున్నాను. లోపల మాత్రం పండగ.

మా సంఘానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని రెండో చెయ్యి అంటాం. నేనే పెట్టాను. గోడకు వరసగా మేకులు, ఒక్కో మేకుకు ఒక్కొక్కరి నూలు దారం, ఒక్కో రంగు. బండి బాగు చేసినవాడు ముందు చక్రం ఇరుసుకు ఎడమవైపు తన దారం కడతాడు. ఆ బండిని ముట్టని ఇంకొకరు వచ్చి నట్టు నట్టూ చూసి, బ్రేకు పట్టి, కుడివైపు తమ దారం కడతారు. రెండు దారాలు లేని బండి గేటు దాటకూడదు. చేసినవాడు తన పని తానే చూసుకుంటే అన్నీ చేసినట్టే కనిపిస్తాయి, అందుకు. తప్పు జరిగితే మొదటి చేతి కన్నా రెండో చేతికే ఎక్కువ మాట. పట్టుకోవలసింది ఆ చెయ్యే కాబట్టి. నాది తెల్ల దారం. సలోమిది పసుపు.

సలోమి చర్చి వెనక బస్తీ పిల్ల. భర్త హనుమకొండకు ఆటో నడుపుతాడు. ముప్ఫై ఏళ్ళ వయసులో తన సైకిల్ తనే బాగు చేసుకుంటానని వచ్చి మాతోనే ఉండిపోయింది. చక్రం తిప్పి చూసి, చెవి పెడితే ఇరుసులో ఎక్కడ బేరింగు గుండు అరిగిందో చెప్పేది. పానా పట్టడం నేర్పింది నేను. ఆ చూపు మాత్రం నేను నేర్పింది కాదు.

ఆ రోజు హనుమకొండ నుంచి ఒక కాలేజీవాళ్ళు మా సంఘాన్ని చూడడానికి వచ్చారు. నేను కమలమ్మ సైకిల్ ముందు చక్రంలో గుండ్లు మార్చి, చక్రం ఎక్కించి, నట్లు వేళ్ళతో తిప్పి పెట్టాను. ఇంకా పానా వేయలేదు. అంతలో పిలిచారు. వెళ్ళాను. బడి మెట్లెక్కని నన్ను కాలేజీవాళ్ళు అయ్యా అంటుంటే, వాళ్ళు రాసుకుంటుంటే, ఎంతసేపు మాట్లాడానో తెలియదు. దేని గురించో తెలుసా? రెండో చెయ్యి గురించే.

కమలమ్మ దవాఖానలో ఆయా. డ్యూటీ వేళయింది. “ఉపన్యాసం ఐనంక ఇస్తవా, నేను రిటైరైనంక ఇస్తవా?” అని అందరి ముందూ అరిచింది. వాళ్ళు నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది. గబగబా వచ్చి నా తెల్ల దారం కట్టాను. సలోమి షెడ్డు వెనక మూల ఇంకో బండి మీద వంగి ఉంది. పిలిస్తే పది అడుగులు. పిలవలేదు. నేను చేసిన పనికి మళ్ళీ ఒకరు చూడడమేమిటి అనుకున్నాను. నేను పెట్టిన నియమం అందరికీ, నాకు తప్ప. ఆమె మేకు నుంచి పసుపు దారం తెంపి కుడివైపు నేనే కట్టి, బండి ఇచ్చేశాను.

బ్రిడ్జి దిగుతుంటే ముందు చక్రం ఊడిపోయింది. కమలమ్మ ఎడమ మోచెయ్యి విరిగింది. అతికింది గానీ చెయ్యి పూర్తిగా మడవడం రాదు. తన జడ తాను వేసుకోలేదు ఆ మనిషి, ఈనాటికీ.

ఆదివారం అందరం కూర్చున్నాం. బండిని మధ్యలో పెట్టారు. దారాలు రెండూ అలాగే ఉన్నాయి. ఆ రోజు అన్న మాటలు ఒక్కటీ మరిచిపోలేదు నేను.

“ఈ బండి నేను చూడలే కాకా,” అంది సలోమి.

ఐలయ్య మాలో మాటకారి. “దారం నీదే గద వదినే! దానంతటదే నడుచుకుంట వచ్చి ఇరుసు ఎక్కిందా?” అన్నాడు. అందరూ నవ్వారు.

“దారం నాదే. నేను మాత్రం చూడలే.”

అప్పుడు అందరూ నా వైపు తిరిగారు. చెప్పడానికి ఎంతసేపు? ఒక్క ముక్క. నేను అన్నది ఇది:

“జర యాది చేసుకో బిడ్డా. ఆ దినం ఎన్ని బండ్లు వచ్చినయ్! ఒకటి యాదిల లేకపోవచ్చు.”

ఆమె నన్నే చూసింది. కోపంగా కాదు. సాయం అడుగుతున్నట్టు. తర్వాత తన చేతుల వంక చూసుకుంది. “నువ్వు గట్లంటే... చూసిన్నేమో కాకా. చూసే ఉంట.”

మొదట కట్టిన దారం తప్పు. కానీ అది తొందర, పొగరు; అలాంటివి నాలో చాలా ఉన్నాయి. ఈ రెండోది వేరు. ఆమె కళ్ళు చూసినదాన్ని ఆమె చేతే కాదనిపించాను. తండ్రిలా మాట్లాడి, బిడ్డా అని పిలిచి. నా తెల్ల దారానికీ ఆ రోజు మాట పడింది, పడి తుడుచుకుపోయింది. సలోమి లేచి మేకు నుంచి తన పసుపు ఉండ తీసి నా చేతిలో పెట్టింది. ఇక నేను ఎవరి పనీ చూడను, నేను చేసిన బండికి కూడా దారం మీరే కట్టండి అంది.

ఎందుకు చేశాను? సంఘం కోసం అని చెప్పుకున్నాను. పెట్టినవాడే పద్ధతి తప్పాడని తెలిస్తే సంఘం కూలిపోతుందని, నవ్వినవాళ్ళు మళ్ళీ నవ్వుతారని. ఏళ్ళ తరబడి ఈ మాటతోనే సర్దుకున్నాను. నిజమా అది? కాదు. ఆ కాలేజీవాళ్ళు నన్ను అయ్యా అన్నారు. ఆ పిలుపు వదులుకోలేకపోయాను. అంత చవక నేను.

ఇంకోటి ఉంది. ఇది రాయడం కష్టం. ప్రతి ఆదివారం ప్రార్థనకు పోయే ముందు సలోమి కమలమ్మ ఇంటికి పోయి తల దువ్వి జడ వేసేది. కమలమ్మ వేయించుకుంటూనే తిట్టేదట. ఈమె పడేదట. నాకు తెలుసు. ఆ వీధి మీదుగా పోకుండా చుట్టూ తిరిగి పోయేవాణ్ణి.

ఈ ఏడు మా సంఘం పాత షెడ్డులో పట్టలేదు. అవును, పట్టలేదు! కూలిపోతుందన్నవాళ్ళ కళ్ళ ముందే దానికి రెండింతల షెడ్డు వేశాం, రేకులు మేమే ఎక్కించాం. నాకు చూపు తగ్గింది. రెండో చెయ్యి బల్ల దగ్గర కూర్చుని ఆఖరి మాట చెప్పడానికి ఒక మనిషి కావాలి. ఎవరని అడగ్గానే అందరి నోటా ఒకే పేరు. సలోమి. ఐలయ్య అందరికన్నా ముందు అరిచాడు.

ఆమె లేచి నిలబడింది. “ఆ పని నా మీద పెట్టకుండ్రి. నా కండ్ల మీద నాకే నమ్మకం లేదు. కమలమ్మ చెయ్యి మరిచిండ్రా?”

ఎంతమంది బతిమాలినా వినలేదు. చివరికి నువ్వన్నా చెప్పు పెద్దాయనా అన్నారు నాతో. నేను చెబితే ఆమె వింటుందని వాళ్ళకు తెలుసు. నాకూ తెలుసు, ఒకసారి విన్నది కదా. మా ఊళ్ళోకెల్లా మంచి చూపు ఉన్న మనిషి, నా మాట విని, ఇక జీవితాంతం మూల కూర్చుని తన చేతులను తానే అనుమానించుకుంటూ పోతుంది. లేదా నేను లేచి నిలబడతాను. లేచాను.

“ఆ పసుపు దారం కట్టింది నేను. సలోమి బండి చూడలేదు. నట్లకు పానా వేయనిది కూడా నేనే.”

“ఏమంటానవ్ పెద్దాయనా! ఎండదెబ్బ తాకిందా?” అన్నాడు ఐలయ్య. మళ్ళీ చెప్పాను. మొదటి నుంచి, ఒక్కటీ వదలకుండా. ఈసారి ఎవరూ నవ్వలేదు.

సలోమి నా వైపు తిరిగింది. “యాది చేసుకో అన్నవు కాకా. చేసుకున్న. లేనిదాన్ని తెచ్చుకొని యాది చేసుకున్న. ఆ నట్టు మీద నా చెయ్యి పడ్డట్టు సుత నాకు అగుపడేది.” అంతే అంది. నన్ను తిట్టలేదు. క్షమించనూ లేదు. క్షమించమని నేను అడగలేదు. ఆ మాట అడిగితే అది ఇంకో దారం కట్టినట్టే.

నాకు ఒక్కటే భయం ఉండింది. పెద్దవాడు, పెట్టినవాడు, పోనీలే అంటారేమోనని. అని ఉంటే అక్కడే తిట్టి పోసేవాణ్ణి. వాళ్ళు అనలేదు! ఇంకొకరి దారం కట్టినవాడికి ఏ శిక్షో మా నియమాల్లో లేదు. అలాంటివాడు మాలో ఉంటాడని నేను రాయలేదు. అక్కడికక్కడే అందరూ చేతులెత్తి కొత్త నియమం చేశారు. అలాంటివాడికి ఇక దారం లేదు, బండి ముట్టకూడదు, సామాను తుడవాలి. ఐలయ్య లేచి గోడ మీది నా తెల్ల ఉండ తీసేశాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. నా ఛాతీ ఉప్పొంగింది. నిజం చెబుతున్నాను, నా బతుకులో అంత గర్వపడ్డ రోజు లేదు. నేను పెట్టిన సంఘం నన్ను కూడా లెక్కచేయలేదు. ఇక దీన్ని ఎవడు కూల్చగలడు?

“బల్ల కాడ కూసుంట,” అంది సలోమి. నా వంక చూసి కాదు, వాళ్ళ వంక చూసి.

మర్నాడు మధ్యాహ్నానికే ఐలయ్య చేసిన రెండు బండ్లు వెనక్కి పంపింది. “మొదటి దినమే గింత కోపమా వదినే?” అన్నాడు. “కోపం గాదు మరిదీ, బ్రేకు పడ్తలేదు,” అంది. షెడ్డంతా నవ్వు.

కమలమ్మ దగ్గరికి నేనే పోయాను. గుమ్మంలోనే నిలబెట్టి విన్నది. “ఆ పిల్ల నా తల దువ్వుతాంటే దాన్నే తిట్టుకుంట కూసున్న ఇన్నేండ్లు. నా నోటికి నువ్వు ఎంత పాపం కట్టినవ్!” అని తలుపు వేసుకుంది. సరైన మాట. సలోమి ఇప్పటికీ ఆదివారాలు అక్కడికి పోతోంది. ఎందుకని అడిగే హక్కు నాకు లేదు. నాతో పని మాటలు తప్ప మాట్లాడదు. అది మారుతుందని ఎదురుచూడడం లేదు.

నేను కొత్త షెడ్డు వాకిట్లో కిరోసిన్ గుడ్డతో చెయిన్లు తుడుస్తుంటాను. కొత్తగా వచ్చినవాళ్ళు ఆగి అడుగుతారు, పెద్దాయనా, అందరికీ దారం ఉంది, నీకేది అని. గుడ్డ పక్కన పెడతాను. కూర్చోమంటాను. అడిగినవాడి ముఖంలోకి సూటిగా చూస్తూ, మీకు చెప్పినదంతా చెబుతాను.