మా చిన్నమ్మకు పూనిన ప్రయాణ సూచనలు

దయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన మనిషిని. శ్మశానం పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్‌ను అమావాస్యనాడు కూడా బాగు చేశాను, అక్కడ నన్ను భయపెట్టింది కుక్కలు మాత్రమే. పూనకాలంటే మరీ చులకన. అందుకే ఈ సంగతి చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

కొన్నేళ్ల కింద జడ్చర్ల నుంచి ఒక బస్సు మాట్లాడుకుని నేపాల్ యాత్రకు పోయాం. దాదాపు అందరూ మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. గొర్లనూ పొలాలనూ ఎవరికో అప్పగించి వచ్చారు. నా భార్య వచ్చింది, మా అమ్మ చెల్లెలు మల్లమ్మ చిన్నమ్మ కూడా వచ్చింది. చిన్నమ్మకు చదువు రాదు, గొర్ల మందే ఆమె లోకం. ప్రతి ఏడాదీ బోనాలప్పుడు ఆమె ఒంటి మీదికి ఎల్లమ్మ తల్లి వస్తుంది. ఊరంతా దండం పెడుతుంది. నేను మాత్రం ఆ టైముకు టీ తాగడానికి పోతాను.

బయల్దేరే ముందే నేపాల్‌కు పోయేవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన జాగ్రత్తలు ఫోన్లోకి దించుకున్నాను. అన్నీ ఇంగ్లిషులో ఉన్నాయి. ఓటరు కార్డు దగ్గర ఉంచుకోవాలి, వానాకాలంలో చీకటి పడ్డాక కొండ దారుల్లో తిరగొద్దు, ఎత్తుకు పోయినప్పుడు ఆయాసం వస్తే అక్కడే ఆగిపోవాలి, ఎక్కడ దిగుతున్నామో రాయబార కార్యాలయానికి చెప్పాలి. నేను డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని, ఇవన్నీ మన మాటల్లోకి మార్చి అందరికీ వినబడేలా చెప్పడం మొదలుపెట్టాను. నాగపూర్ దాటేసరికి, నేను గొంతు సవరించుకుంటే చాలు, జనం భజన ఎత్తుకునేవాళ్లు.

"నువ్వు జర ఊకోరాదు," అంది నా భార్య. "మమ్ముల యాత్రకు తోల్కపోతున్నవా, ట్రైనింగుకు తోల్కపోతున్నవా?"

సరిహద్దు దాటి కొండలెక్కాక వాన పట్టుకుంది. ఒక సాయంత్రం రోడ్డు పక్క హోటల్ దగ్గర టీకి ఆగాం. రాత్రికి ఇక్కడే పడుకుని పొద్దున పోదామన్నాను. ఎవరూ ఒప్పుకోలేదు. మర్నాడు సోమవారం, తెల్లారేసరికి పశుపతినాథుడి గుడి ముందు ఉండాలని అందరి పట్టు. మా డ్రైవర్ యాదగిరి శ్రీశైలం ఘాట్ మీద ఏళ్ల తరబడి బస్సు నడిపినవాడు.

"నల్లమల గుట్టలల్ల తిరిగినోన్ని సారూ, నాకు గుట్టలు కొత్తనా?" అన్నాడు.

కాళ్లావేళ్లా పడ్డాను. నిజంగానే భయపడ్డాను. రోడ్డుకు ఒక పక్క నీళ్లు కారుతున్న గుట్ట, ఇంకో పక్క లోయ, కింద ఎర్రగా నది. నేను ఇక్కడే ఆగిపోతానని బెదిరించి చూశాను. "ఆగిపో," అని నా భార్య బస్సెక్కి తన సీట్లో కూర్చుంది. ఆమె బస్సులో ఉంటే నేనెక్కడ ఆగుతాను? నోరు మూసుకుని ఎక్కాను.

యాదగిరి ఇంజిన్ స్టార్ట్ చేశాడు. వెనక సీట్లోంచి చిన్నమ్మ పెద్ద కేక పెట్టింది.

జుట్టు విరబోసుకుని, సీట్ల మధ్య నిలబడి ఊగుతోంది. ఏం జరిగిందో అందరికీ అర్థమైంది. వేపమండలు లేవు కాబట్టి ఎవరో దిగి ఏదో కొండచెట్టు కొమ్మ విరుచుకొచ్చారు. నిమ్మకాయ కావాలంటే, బస్సు ముందు దిష్టికి కట్టినదాన్నే తెంపారు. నా భార్య చేతులు జోడించి, ఏం తప్పు జరిగిందో చెప్పు తల్లీ అంది.

తల్లి చెప్పింది. "వర్షాకాలమున కొండచరియలు విరిగిపడు అవకాశము కలదు. చీకటి పడిన పిదప ప్రయాణించరాదు. బస వివరములను రాయబార కార్యాలయమునకు తెలియజేయవలెను."

ఊళ్లో ఎల్లమ్మ ఎప్పుడూ తనకు సాక నీళ్లు పొయ్యలేదనో, బోనం ఆలస్యమైందనో కోప్పడేది. రాయబార కార్యాలయం ఊసు ఎన్నడూ ఎత్తలేదు. నాకు నవ్వు ఆగలేదు. అప్పుడు ఆమె ఇంకో మాట అంది.

"ఇనుప వంతెన అవతలి మలుపు ప్రమాదకరము. వంతెన దాటరాదు."

ఆ మాట నా ఫోన్లో లేదు.

యాదగిరి ఇంజిన్ ఆపి, దిగి కొబ్బరికాయ కొట్టాడు. జడ్చర్ల నుంచి నేను గొంతు చించుకున్నా వినని జనం తల్లి ఒక్కసారి చెప్పగానే మూటలు దించుకున్నారు. నాకు ఒళ్లు మండింది, అంతకంటే ఎక్కువగా ప్రాణం కుదుటపడింది. ఒకామె నా దగ్గరికొచ్చి, "అన్నా, గా ఆఫీసు నంబరేదో జర ఇయ్యి, తల్లి ఫోన్ చెయ్యమన్నది," అంది.

పొద్దున కొంత దూరం పోగానే ఇనుప వంతెన వచ్చింది. అవతల మలుపు లేదు. గుట్ట జారి రోడ్డును నదిలోకి తోసేసింది. రాత్రే పడిందని, అదృష్టం బాగుండి ఆ సమయానికి బండ్లేవీ లేవని అక్కడున్న పోలీసులు చెప్పారు. నా భార్య నా చొక్కా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. 

తర్వాత నాకు నేనే సర్దిచెప్పుకోబోయాను. నేను ఊదరగొట్టిందంతా చిన్నమ్మ చెవిన పడింది, అదే బయటికొచ్చిందనుకున్నాను. కానీ నేను చెప్పింది మన మాటల్లో. ఆ పుస్తకాల భాష ఆమెకెక్కడిది? వంతెన సంగతి ఎవరు చెప్పారు? తిరుగు ప్రయాణంలో ఒక చోట ఆగినప్పుడు ఆమెనే అడిగాను.

చిన్నమ్మ నావైపు వింతగా చూసింది. "నువ్వే గదరా కొడుకా. బస్సెక్కిన కాంచి నా పక్కనే కూసోని చెవుల సదువుతనే ఉంటివి. ఒద్దన్నా ఊకోకపోతివి. గా ఇనుప వంతెన ముచ్చటైతే మల్ల మల్ల చెప్పినవ్."

నేను డ్రైవర్ పక్క సీటు వదిలి వెనక్కి పోనే లేదు. చిన్నమ్మ పక్క సీట్లో ఉన్నది మా బియ్యం మూట, నా చేతులతో నేనే పెట్టాను. బస్సులో అందర్నీ అడిగాను. అక్కడ ఎవరూ కూర్చోలేదన్నారు.

నాలా చిన్నమ్మ చెవిలో చదివిన అతనెవరో ఇప్పటికీ నాకు అంతుబట్టలేదు. ఆ బస్సులో నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నది మాత్రం అతనొక్కడే.