తాళాలక్క తెరిచిన తలుపులు

ఒక మిట్టమధ్యాహ్నం, ఒకే ఒక్క తాళంచెవితో, తాళాలక్క నలభై ఇళ్ళు తెరిచేసింది.

సరే, నలభై కాదు. ఆ వీధిలో ఉన్నవే పంతొమ్మిది. ఆమె తెరిచినవి ఎనిమిదో తొమ్మిదో. కానీ తాళంచెవి మాత్రం ఒక్కటే, అదీ ఆమెది కాదు. ఇక ఇంతకంటే తగ్గించేది లేదు.

ఊరి చివర ఆ వీధిలోకి ఆమె అద్దెకు దిగి ఏడాదైంది. ముందుగదిలో ఒక బల్ల, దానికి బిగించిన, తాళంచెవిని కదలకుండా పట్టే వైసు, నాలుగైదు ఆకురాళ్ళు, గోడనిండా మేకులకు వేలాడే పళ్ళు కోయని తాళంచెవులు. భర్త పోయాక పన్నెండేళ్ళుగా అదే ఆమె బతుకు. ఆ పని అంటించిన అలవాటు ఒకటుంది. దారిన పోతూ మనుషుల ముఖాలు చూడదు, తలుపులకున్న తాళాలు చూస్తుంది. చెప్పులు కుట్టేవాడు కాళ్ళు చూడడా?

"చూశావా వదినా, మన గుమ్మాలెలా కొలుస్తోందో!" అంది టీచరమ్మ ఎదురింటావిడతో. అదే వారం టీచరమ్మ చేతిగడియారం కనబడలేదు. పొద్దున పోయిన గడియారం సాయంత్రానికి గొలుసైంది, మర్నాటికి బీరువా అంతా ఊడ్చుకుపోయారన్నారు. కాలనీ సెక్రటరీ చవగ్గా వస్తాయని తలుపుకు బిగించే తాళాలు ఒక పెట్టెడు తెచ్చి, ఆమెకు తప్ప ఇంటింటికీ పంచాడు. తాళాలక్క కొళాయి దగ్గరికొస్తే బిందెలు పక్కకు జరిగేవి. ఆమె గుమ్మంలో పడిన బంతిని పిల్లలు తెచ్చుకోకుండా తల్లులు ఆపేవారు. రెండు నెలలు ఆమె బల్ల మీదికి ఆ వీధి పని ఒక్కటీ రాలేదు.

చివరికి ఇంటాయన వచ్చాడు. "నీమీద నాకేం లేదమ్మా. వీళ్ళ మధ్య నేను బతకాలి కదా. ఆదివారం మీటింగులో వాళ్ళేమంటే అదే. పొమ్మంటే నెలాఖరుకు ఖాళీ చెయ్."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆదివారం వీధి వీధంతా ఇళ్ళకు తాళాలేసుకుని సెక్రటరీ వరండాకు చేరింది. సినిమాకు కూడా అంత త్వరగా వెళ్ళి ఉండరు.

"మా ఇళ్ళవి ఎన్ని నకళ్ళు చేసుకున్నావో అన్నీ తీసి ఇక్కడ పెట్టు," అన్నాడు సెక్రటరీ. "పెట్టినా పెట్టకపోయినా ఇక వాటితో నీకు పనిలేదులే. ఇదిగో, కొత్తది!" అంటూ తన తాళంచెవి బల్ల మీద విసిరాడు.

"నాదీ కొత్తదే," అని టీచరమ్మ తనది ఆడించింది.

తాళాలక్క రెండింటి పళ్ళూ చూసింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు, మళ్ళీ రెండు పొట్టివి. ఇదీ అంతే, అదీ అంతే. పెట్టె మొత్తానికి ఒకే కోత.

సెక్రటరీ తాళంచెవి అందుకుని నేరుగా వెళ్ళి టీచరమ్మ తలుపు తీసింది. ఎదురుగా ఫ్రిజ్ మీద పోయిన గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"అదీ... మొన్న పరుపు కింద దొరికిందిలే," అంది టీచరమ్మ.

"దొరికిందని ఒక్కరికైనా చెప్పావా?"

జవాబు కోసం తాళాలక్క ఆగలేదు. పక్కిల్లు, ఆ పక్కిల్లు, ఎదురిల్లు. తెరిచిన ప్రతి తలుపునూ బార్లా వదిలేసింది. వెనకాల జనం.

"పెట్టె తెచ్చిందెవరు సార్, నేనా మీరా? ఈ రెండు నెలలూ మీలో ఎవరైనా ఎవరింట్లోకైనా దూరి ఉండొచ్చు. దూరలేనిది నేనొక్కదాన్నే. ఆ తాళంచెవి లేనిది నాకే కదా!" అని తాళంచెవి ఆయన కాళ్ళ ముందు పడేసింది.

ఆ సాయంత్రమే వదినలూ అన్నయ్యలూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. క్షమించమన్నవాడు ఒక్కడూ లేడు. మర్నాడు సెక్రటరీ మాత్రం వచ్చాడు. "కొత్త తాళాలు నువ్వే బిగించాలమ్మా."

"బిగిస్తాను. మీరంతా నా గుమ్మంలో నిలబడి, వీధంతా వినేట్టు 'నువ్వు దొంగవు కాదు' అనండి. అన్నవాళ్ళకే బిగిస్తాను."

ముగ్గురొచ్చి అన్నారు. మిగతావాళ్ళు తలుపులకు బల్లలు అడ్డంపెట్టుకుని పడుకుంటున్నారు. ఖాళీ చెయ్యమన్న మాట ఇంటాయన మళ్ళీ ఎత్తలేదు.

ఈ కథ ఆమె బల్ల దగ్గర ఎవరెత్తినా ఆకురాయి మీంచి తల ఎత్తదు. "ఎవరు చెప్పారు? ఈ వీధిలో గడియారమే గొలుసవుతుంది కదా. నేనెవరి తలుపూ తెరవలేదు. అసలు ఆ మీటింగే జరగలేదు."