పల్లేరు మొగ్గలు, నాటుసారా

నా పరిశోధన పల్లేరు మొక్క మీద. కాల్లో ముల్లు దిగితే తప్ప ఎవరూ తలుచుకోని మొక్క. పసుపుపచ్చని ఆ చిన్న పువ్వు విచ్చకముందే లేత మొగ్గను కోసి మందులో వేస్తే, లోపలి కణాల్లోని క్రోమోజోములను మైక్రోస్కోపు కింద లెక్కపెట్టవచ్చు. వెంకటాచలం, కొడవలూరు ఊళ్ళ చేలగట్ల మీద పల్లేరు లెక్క నెల్లూరు కాలేజీలో చూసేశాను. సముద్రపొడ్డున జువ్వలదిన్నె ఇసుకలో పెరిగే పల్లేరులో దానికి రెట్టింపు ఉంటాయని నా అనుమానం. అది తేలితే నాకు డాక్టరేటు, తేలకపోతే మా మామ బియ్యం కొట్టు.

ఆ మందులో మూడు పాళ్ళు స్పిరిట్, ఒక పాలు ఆసిడ్. అవి అరవైల మొదట్లో, మద్యనిషేధం ఉన్న రోజులు. జువ్వలదిన్నెలో నేను బస చేసింది రిటైరైన మిషన్ స్కూలు టీచరమ్మ గారింట్లో. మా ప్రొఫెసరు గారికి అక్షరాలు దిద్దించిన మనిషి. చర్చి స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఆడవాళ్ళను వెంటబెట్టుకుని సరుగుడు తోపుల్లోకి వెళ్ళి సారా కుండలు పగలగొట్టడంలో ఆమెకు పెద్ద పేరు. ఈ చివరి సంగతి ప్రొఫెసరు గారు నాకు చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి, ఊరి పేర్ల చీటీలు అంటించిన నా సీసాలన్నీ బూడిదతో తోమి, కంచె కర్రలకు బోర్లించి ఉన్నాయి. స్పిరిట్ డబ్బా కూడా ఖాళీ. ఆసిడ్ సీసాలో పులుపు వాసన తప్ప పాపం కనబడలేదేమో, దాన్ని మాత్రం వదిలేసింది.

"వెంకటాచలం, కొడవలూరు, జువ్వలదిన్నె," అంటూ ఆమె గడపలో నిలబడింది. "ఏ ఊరి సరుకు ఆ ఊరి పేరుతో దాచుకున్నావే! పైగా మొగ్గలు కూడా ఊరేసినావు!"

"అమ్మా, అది పరిశోధనకు. నా దగ్గర పర్మిట్ ఉంది."

"పర్మిట్ తీసుకోని మరీ తాగతావా?"

నాకు ఒళ్ళు మండింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. పర్మిట్ మీద మళ్ళీ స్పిరిట్ రావాలంటే నెల పడుతుంది, ఇంకో వారం ఎండ కాస్తే మొక్కలు మాడిపోతాయి. మళ్ళీ వానలు పడి పూత పట్టేదాకా నా స్కాలర్‌షిప్పు ఆగదు. సారా పోయినా మగాళ్ళు అట్లాగే ఏడుస్తారని ఆమెకు అనుభవం కాబట్టి, నా కన్నీళ్ళు అక్కరకు రాలేదు. చివరికి సుద్దముక్క తీసుకుని వసారా గచ్చు మీద కణం బొమ్మ గీశాను, లోపల క్రోమోజోములు గీశాను. ఆమె పిల్లవాడి లెక్క దిద్దుతున్నట్టు ఒక్కొక్క గీతా చూసింది.

"ఇంత చిక్కు అబద్ధం ఎవుడూ చెప్పడులే," అని లేచింది. "స్పిరిట్టే కావాల్నా, ఘాటుగా ఉంటే చాల్నా?"

మర్నాడు పొద్దున్నే ఇద్దరం తోపుకు వెళ్ళాం. ఆమెను చూడగానే సారా కాచే మనిషి కుండలన్నీ వదిలి పరుగెత్తాడు. ఆ వయసులో ఆమె చీర ఎగదోపుకుని వెంటబడింది.

"ఆగరా! పగలగొట్టేదానికి రాలా! కొనేదానికి వచ్చినా!"

అది విని అతను ఇంకా భయపడ్డాడు. ఎట్లాగో ఆగి ఒక సీసా ఇస్తే, ఆమె వాసన చూసి, "నీళ్ళు కలిపినావు. ముందు దిగిన ఘాటుది తే," అంది. అగ్గిపుల్ల గీసి నీలిమంట కనబడ్డాకే డబ్బులిచ్చింది. నేను మొగ్గలు కోసి సీసాలో వేస్తున్నంతసేపూ పక్కనే కూర్చుని, సీసా నా నోటి వైపు వెళ్ళకుండా కాపలా కాసింది.

ఆదివారానికి ఆ వార్త ఆమెకంటే ముందే చర్చికి చేరింది. పాస్టరు గారు అందరి ముందూ అడిగారు.

"మీరు సారా కొన్నారంట, నిజమేనా?"

"కొన్నాను."

"ఎందుకు?"

"మొగ్గలు ఊరేసేదానికి."

ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను సాక్ష్యం చెప్పడానికి లేచాను. సముద్రపు గాలికి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, చొక్కా సారా ఒలికి కంపు కొడుతోంది. నా సాక్ష్యంతో ఆమె మీద మిగిలిన కాస్త నమ్మకం కూడా పోయింది. ఆమె అధ్యక్షురాలి దగ్గరే ఉండే సమాజం డబ్బుపెట్టె తాళంచెవి తీసి, పక్కింట్లోనే ఉండే పాస్టరమ్మ గారి చేతిలో పెట్టింది. ఆ తాళంచెవి కోసం పాస్టరమ్మ గారు ఎన్నాళ్ళుగానో చూస్తున్నారట. నాకు తల కొట్టేసినట్టయింది.

నెల్లూరులో ఆ మొగ్గలు మైక్రోస్కోపు కింద చూడగానే తిరుగు బస్సెక్కాను. టీచరమ్మ పెరట్లో బియ్యం చెరుగుతోంది.

"నా వల్ల మీ పదవి పోయిందమ్మా," అన్నాను.

"అది కాదు నేనడిగేది. రెట్టింపు ఉండాయా, లేదా?"

"ఉన్నాయమ్మా."

ఆమె చాట కింద పెట్టి లేచింది. గోడ అవతల పాస్టరమ్మ గారికి వినబడేలా, "రెట్టింపంట!" అని కేకేసింది.