హాజరులో పిలవని పేరు

నా చిన్నప్పుడు మా వనపర్తిలో, పెబ్బేరు పోయే దారిలో ఊరు దాటగానే ఒక పల్లీల మిల్లు ఉండేది. మా పక్కింటి అక్క అందులో పల్లీలు చెరిగే పనికి పోయేది. ఆమె భర్త మట్టిపనికి దేశం మీద పోయి ఏడాదైనా కబురు లేదు. ఇంట్లో చూపు ఆనని అత్త, చంటిపిల్ల. ముగ్గురి తిండీ అక్క చేట మీదే ఆధారపడి ఉండేది. మధ్యాహ్నం మిల్లులో కాసేపు పని ఆపేవారు. ఆ వేళకు పిల్లను చంకనేసుకుని పాలకు తీసుకుపోవడం తొమ్మిదేళ్ళ నా పని.

ఒకరోజు గోపాల్‌పేట వైపు నుంచి పెబ్బేరు సంతకు ఎద్దులను తోలుకుపోతున్నారు. నాకు ఎద్దులంటే పిచ్చి. లెక్కపెడుతూ దారి పక్కన నిలబడిపోయాను. చంకలో పిల్ల ఏడుస్తున్నా పట్టించుకోలేదు. మిల్లు చేరేసరికి అందరూ మళ్ళీ పనిలో కూర్చున్నారు. పిల్ల గొంతు విని అక్క చేట పక్కన పెట్టి బయటికొచ్చి పాలిచ్చింది. మేస్త్రీ చూసి "రేపటి సంది రాకు" అన్నాడు. ఎందుకని అడగలేదు, కాగితం ఇవ్వలేదు. అంతటితో ఆమె పని పోయింది.

మా తాతయ్య కచేరి ముందు కూర్చుని ఉర్దూలో అర్జీలు రాసేవాడు. నోటి దురుసు మనిషి. అర్జీ రాయించుకోవడానికి వచ్చినవాళ్ళనే ముందు నాలుగు చీవాట్లు పెట్టేవాడు. ఆ సాయంత్రమే అక్క వచ్చి గడప పక్కన కూర్చుంది.

"గిట్ల నోటిమాటతోని తీసేస్తే అడిగే కానూను లేదా తాతా?"

"కానూను సంగతి తర్వాత జూద్దాం. రేపు కచేరిల వాడు, నేను తియ్యలే, ఆమెనే మానుకుంది అంటడు. అప్పుడేం జేస్తవు? రేపు పనికి పో బిడ్డా."

"తోలేసిన కాడికా?"

"ఆ, గాడికే. హాజరు పిలిచేటప్పుడు నిలవడు. నీ పేరు పిలవకుంటే నువ్వే చెప్పు."

"సిగ్గు పోతది తాతా."

"సిగ్గు వానికుండాలె, నీకెందుకు?"

ఆలస్యం ఎందుకైందని తాతయ్య అడిగితే అక్క, పిల్లకు ఆకలైందని మాత్రమే చెప్పింది. నావైపు చూడనైనా లేదు. నేను తలుపు చాటున నిలబడి వింటున్నాను. దాచుకోవడం ఎందుకు, అప్పుడు నాకు కలిగింది పశ్చాత్తాపం కాదు, బతికిపోయానన్న సంతోషం.

మర్నాటి నుంచి అక్క రోజూ మిల్లుకు పోయింది. మేస్త్రీ పేర్లన్నీ పిలిచి ముగించాక, తన పేరు తానే చెప్పి "వచ్చిన" అనేది. మొదటి రోజు తోటి ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మూడో రోజుకు ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ మాత్రం చెవిటివాడిలా లోపలికి పోయేవాడు. ఆమె పొద్దుగూకేదాకా గేటు పక్కనే కూర్చునేది. నేను పిల్లను అక్కడికే తీసుకుపోయేదాన్ని. ఇప్పుడు పాలివ్వడానికి కావలసినంత సమయం ఉంది, కానీ పాలు తగ్గిపోయాయి. ఇంట్లో అత్త తన వంతు జొన్న గటక కోడలి గిన్నెలోకి ఒంపడం ఒకరోజు నా కళ్ళారా చూశాను. ఇక ఉండలేక తాతయ్యకు ఎద్దుల సంగతి చెప్పేశాను.

దెబ్బలు తప్పవనుకున్నాను. తాతయ్య కలం పక్కన పెట్టి, "గిది చెప్పనీకి ఇన్ని దినాలు వట్టెనా?" అన్నాడు. "అర్జీల రాస్త. నువ్వే కచేరికొచ్చి, తీర్పు జెప్పే హాకీము ముంగట చెప్పాలె." దానికంటే దెబ్బలే నయమనిపించింది.

వారం తిరిగి మళ్ళీ సంత వచ్చింది. ఆ పొద్దున, జన్మలో ఎద్దును కొనని మా తాతయ్య, మిల్లు గేటు ముందు ఇద్దరు బేరగాళ్ళను ఆపి ఎద్దుల పళ్ళ గురించి ముచ్చట పెట్టాడు. అక్కడే హాజరు ముగిసింది. అక్క "వచ్చిన" అంది. వారం రోజులుగా ఓర్చుకున్న మేస్త్రీకి ఒళ్ళు మండింది.

"నిన్ను తీసేసిన అని చెప్పలేదా? ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

సంతకు పోయేవాళ్ళంతా తిరిగి చూశారు. తాతయ్య సంచిలోంచి కాగితం, సిరా తీసి, ఆ మాట రాసి, బేరగాళ్ళిద్దరి చేతా అక్కడికక్కడే వేలిముద్రలు వేయించుకున్నాడు.

అర్జీ విచారణకు వచ్చిన రోజు కచేరిలో మేస్త్రీ, తాతయ్య చెప్పినట్టే, ఆమే మానుకుందన్నాడు. బేరగాళ్ళు తాము విన్నది చెప్పారు. తర్వాత నన్ను పిలిచారు. ఆలస్యం అక్కది కాదు, ఎద్దులు లెక్కపెడుతూ నిలబడిపోయిన నాది అని చెప్పాను. ఎన్ని ఎద్దులు అని హాకీము అడిగాడు. పంతొమ్మిది అన్నాను. ఆయన నవ్వాపుకుని, ఆమెను తిరిగి పనిలో పెట్టుకోమని రాయించాడు. గేటు దగ్గర కూర్చున్న రోజులకు మాత్రం కూలి ఇప్పించలేదు. కానూను అంతవరకే వచ్చిందని తాతయ్య గొణుక్కున్నాడు.

పెద్దదాన్నయ్యాక ఒకసారి, ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదని అక్కను అడిగాను.

"చెప్తే నా పని తిరిగొస్తుండెనా? నీకు దెబ్బలు వడుతుండె, గంతే" అంది.

తర్వాత నేను బడిలో పెద్ద పంతులమ్మనయ్యాను. హాజరు పట్టీ నా చేతికే వచ్చింది. ఆలస్యంగా వచ్చిన ఆయాను గానీ, పిల్లను గానీ, దారిలో నిన్ను ఆపిందెవరని అడగకుండా ఏనాడూ పట్టీలో గైర్హాజరు గీత పెట్టలేదు. చాలామంది ఎవరూ లేరనే చెప్పేవారు. ఆ మాటను నేను ఒక్కసారికి నమ్మేదాన్ని కాదు.