కలెక్టరు వేషంలో ఇచ్చిన తీర్పు

ముందే చెబుతున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. ఇవాళ నరసాపురం బస్సులో ఎవరిదో రొయ్యల మేత బస్తా ఏడూళ్ల ముక్కులు మూయించేంత కంపు కొట్టింది. దాంతో ఆరో తరగతి గుర్తొచ్చింది.

రొయ్యల చెరువులొచ్చాక మా ఊరి బోరింగు నీళ్లు ఉప్పెక్కాయి. సోషల్ మాస్టారు మాకు తలా ఒక వేషమిచ్చి, ఆ చెరువుల గొడవ మీద వాదించమన్నారు. రత్నం చెరువు యజమాని, సువార్త మంచినీళ్లకు తిరిగే ఇల్లాలు, నేను కలెక్టరు.

"చెరువులెత్తేస్తే కూలోళ్లు ఏం తింటారండి?" అన్నాడు రత్నం, లేని మీసం మెలేస్తూ.

"ముందు ఏం తాగుతారో చెప్పండి!" అంది సువార్త. చప్పట్లకు పెంకులు లేచిపోయాయి.

చెరువులు పూడ్చేయమని తీర్పిచ్చాను. అంతటి మాస్టారే లేచి "చిత్తమండి" అనేసరికి, పని అయిపోయిందనుకున్నాను. ఇంటికి పరిగెత్తి, బోరింగు కొట్టి, అమ్మకు గ్లాసందించాను.

"తాగమ్మా, ఉప్పు పోయింది!"

అమ్మ గుటకేసి, "అవున్రా, తియ్యగా ఉన్నాయి" అంది.

తర్వాత నిజం కలెక్టర్ల సభలు చాలా చూశాను. సువార్త ప్రశ్నను ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. మేం డబ్బా నీళ్లు కొనుక్కుంటూనే ఉన్నాం. చప్పట్లు కొట్టే ఓపిక ఇప్పుడు లేదు.

మిగతాదంతా పెంచిందే గానీ, కల్పించింది అమ్మ మాట ఒక్కటే. ఆవిడ ఏమీ అనలేదు. ఆ ఉప్పునీళ్లు నా ముందే చివరిదాకా తాగి, బిందె తీసుకుని కాలవకు బయల్దేరింది.