రోలర్లకు పోసిన ప్రార్థన నూనె

ఇరవై ఒక్క ఏళ్ల వయసులో నాకు విశ్వాసం మెండుగానూ బుర్ర కొంచెంగానూ ఉండేవి. ఆ రోజుల్లో ఏ పనైనా మోకాళ్ల మీద మొదలుపెడితే చాలు, మిగతాది దానంతటదే జరిగిపోతుందని నా ధీమా. (మోకాళ్ల మీదే మొదలుపెట్టాలని ఇప్పటికీ నమ్ముతాను. మిగతాది దానంతటదే జరగదని మాత్రం చీమకుర్తి రోడ్డు పక్కన ఒక లూసర్న్ గడ్డి చేలో తెలుసుకున్నాను.)

ఆ చేను ఒక డెయిరీ వాళ్లది. యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్లం. ఎండాకాలానికి గేదెల మేత ఎండబెట్టి దాచుకోవాలని ఆయన ట్రాక్టరు వెనక తగిలించే కోత యంత్రం కొన్నారు. దాన్ని చూసుకోవడానికి ఐటీఐ చదివిన నన్ను నెలరోజులు చూద్దామని పెట్టుకున్నారు. యంత్రం ముందు కత్తులు గడ్డి కోస్తాయి. వెనకే రెండు రబ్బరు రోలర్లు, చెరకు రసం బండిలో మాదిరి, కాడల్ని నలిపి వదులుతాయి. నలిగిన కాడ ఆకుతోపాటే ఎండుతుంది. నలగలేదా, ఆకు ఎండి రాలిపోతుంది, కాడ పచ్చిగా మిగిలి బూజు పడుతుంది. అంటే నా ఉద్యోగమంతా ఆ రోలర్ల మధ్య సందులోనే ఉందన్నమాట. రెండు రూపాయి బిళ్లలు పట్టేంత సందు, రెండు కొసల్లోనూ సమానంగా.

ఉద్యోగం ఖాయం కాకముందే మా అమ్మ ఆదివారం ఆరాధనలో లేచి, "మా వాడికి ప్రభువు రోలర్ల ఉద్యోగం ఇచ్చాడండీ" అని సాక్ష్యం చెప్పేసింది. రోలర్లంటే ఏమిటో తెలియకపోయినా సంఘమంతా హల్లెలూయా అంది. వచ్చే ఆదివారం నేను కూడా సాక్ష్యం చెప్పాలని పాస్టరుగారు అక్కడికక్కడే నిర్ణయించి, ప్రార్థన చేసిన ఒలీవ నూనె సీసా చేతిలో పెట్టి, "బండికి ఒక చుక్క రాయి నాయనా, చాలు" అన్నారు.

ఒక్క చుక్కతో సరిపెట్టుకునే విశ్వాసమా నాది! శనివారం ఇంకా చీకటుండగానే షెడ్డుకి వెళ్లి, పక్కనున్న చక్రం పట్టుకుని రోలర్లను తిప్పుతూ, ఆ చివర నుంచి ఈ చివరకి సీసా మొత్తం పోశాను. రబ్బరుకి నూనె తగలనివ్వకూడదని ట్రైనింగులో చెప్పారు, నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. అది మామూలు నూనెల సంగతి అనుకున్నాను.

చేలో దిగాక మొదలైంది నా పతనం. గడ్డి రోలర్ల దగ్గరికి వచ్చి లోపలికి పోకుండా జారి కుప్పపడుతోంది. పోయిన కాస్తా నలగకుండా, ఏ కష్టమూ ఎరగనట్టు నిగనిగలాడుతూ వెనక పడుతోంది. సందు ఎక్కువైందేమోనని బోల్టు బిగించాను. మళ్లీ అంతే. ఇంకాస్త బిగించాను. ట్రాక్టరు తోలే మావయ్య (ఎవరికీ మావయ్య కాడు, అందరూ అలా పిలుస్తారంతే) సీటులోంచే అరిచాడు.

"ఏరా, గడ్డి కోస్తున్నామా, దువ్వుతున్నామా?"

"ఒక్క నిమిషం మావయ్యా, ఎడమవైపు కొంచెం వదులుగా ఉంది."

"ఇందాక కుడివైపు అన్నావుగదరా!"

మధ్యాహ్నానికి రోలర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని కాలిన రబ్బరు కంపు కొట్టాయి. ఆకు పిండైంది, కాడ మాత్రం క్షేమం. పెద్దాయన గట్టు మీదికొచ్చి, రోలర్లకేసి తేరిపార చూసి, ఒక్క మాటైనా అనకుండా తల దించుకుని వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది. సాయంత్రం రోలరు తడిమితే చెయ్యి జర్రున జారింది. ఒలీవ నూనె ఇంత జిగటగా ఉంటుందా అనుకుంటూనే, గడ్డి ఎందుకు జారిపోయిందో తెలుసుకున్నాను. దేవుడి పేరు మీద పోసిన నూనెతో దేవుడిచ్చిన ఉద్యోగం పోగొట్టుకున్నవాణ్ణి మా సంఘంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఆదివారం గుడికి వెళ్లకుండా చేలోనే కూర్చున్నాను. ఆకాశం నల్లబడింది. చుట్టూ రైతులు మిరప కల్లాల మీదికి పట్టాలు లాగుతూ పరుగెడుతున్నారు. ఆరెకరాల పచ్చికాడలకి కప్పడానికి నా దగ్గర ఏముంది? వాన పడింది. ప్రార్థిద్దామని కళ్లు మూస్తే నూనె సీసానే కనబడింది. ఇక తప్పదని తడుస్తూ షెడ్డుకి వెళ్లాను. పెద్దాయన తవుడు బస్తా మీద కూర్చుని ఉన్నారు.

"పెద్దయ్యగారూ, తప్పు నాదేనండీ. ప్రార్థన నూనె రోలర్లకి పోశాను. రేపటి నుంచి రాన్లెండి."

ఆయన వానకేసి చూస్తూనే అడిగారు. "ఎంత పోశావు?"

"సీసా మొత్తమండీ."

"ఎంత సీసా?"

ఇంతేనండీ అన్నట్టు చిటికెనవేలు చూపించాను. ఆయన నిట్టూర్చారు. "నేను ముప్పావు లీటరు ఆముదం పోశానురా. శుక్రవారం పొద్దుగూకేటప్పుడు. ఎడ్లబండి ఇరుసుకి నా చేతులతోనే కందెన పెట్టినోణ్ణి. తిరిగేదానికి చమురు లేకపోతే ఎట్టా అనుకున్నా."

నేను ఆయన పక్కనే ఇంకో బస్తా మీద కూలబడ్డాను.

"మావయ్యకి చెప్పమాక," అన్నారాయన. "ఊరంతా చాటేస్తాడు. సబ్బు ఎక్కడుందో చూడు."

ఆ వానలో మేమిద్దరం బట్టల సబ్బుతో రోలర్లను, ముసలి తండ్రికి వీపు రుద్దినట్టు, రుద్ది కడిగాం. గడ్డి దక్కలేదు. నల్లబడిన ఆ మేతను గేదెలు వాసన చూసి మొహం తిప్పుకున్నాయి. అంతా ఎరువు గుంటలోకి పోయింది. నా ఉద్యోగం మాత్రం నిలిచింది. ఆ తర్వాతి ఆదివారం సాక్ష్యంలో, "నా యజమానికి ప్రభువు మంచి మనసిచ్చాడు" అని మాత్రం చెప్పి కూర్చున్నాను. ఆముదం సంగతి ఎత్తలేదు. చెప్పనని తలూపాక మాట మాటే కదా.

పెద్దాయన ఇప్పుడు లేరు. యంత్రం మారింది, నేను మారలేదు. ప్రతి కోతకీ ముందు రెండు కొసల్లోనూ సందు చూసుకుని, మోకాళ్ల మీద ప్రార్థన చేసుకుని, ఒక చుక్క నూనె నా నుదుటికి రాసుకుంటాను. ఆపైన చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని గానీ రోలరు ముట్టుకోను.