కళ్ళాపి బక్కెట్టు, కొత్తిమీర కట్ట

మా ఇంట్లో ఒకే ఒక రేకు బక్కెట్టు ఉండేది. రెండోది దండగని నా పట్టుదల. పొద్దున్నే పాలవాడి ఆవు వీధిలో వేసిన పేడ అందులో కలిపి వాకిట కళ్ళాపి చల్లేదాన్ని. తరవాత ఒక చెంబుడు నీళ్ళతో కడిగి, అందులోనే ఆకుకూరలు నానేసేదాన్ని. వంటవేళ దాకా వాడిపోకూడదు కదా. కూర తీశాక ఆ నీళ్ళు అరటిచెట్టుకి. ఒక్క చుక్క వృథా అయ్యేది కాదు.

పక్క ఊరు విల్లియనూరు నుంచి ఒకామె తట్టతో బస్సులో వచ్చి మా వీధిలో ఆకుకూరలమ్మేది. ఆమెదీ మా తెలుగే. అయినా తమిళం మాట్లాడే ఊళ్ళో ఉండి ఉండి, ఆకుకూరని అందరం వాళ్ళలాగే కీర అనేవాళ్ళం.

ఉడికించి తిన్నంతకాలం ఏ గొడవా రాలేదు. ఒక ఎండాకాలం పచ్చి కొత్తిమీర పచ్చడి నూరాను. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఆరుగురం, మరుగుదొడ్డి ఒకటే. మా ఆయన తలుపు బాది, "ఇంటి యజమానిని నేను!" అన్నారు.

"ఇప్పుడు లోపలున్నోళ్ళే యజమాని నాయినా," అంది కూతురు లోపల్నుంచి.

మర్నాడు కీరామెని గుమ్మంలోనే పట్టుకున్నాను.

"ఏమే, యాడ కడిగినావే కీర? మురుక్కాలవలోనా?"

"కాలవేంది పెద్దమ్మా! బావి నీళ్ళు."

"బావి నీళ్ళకే ఇంటిల్లిపాదీ చెంబు పట్టుకున్నామా? ఇంక ఈ వీధిలో నీ కీర ఎవురు కొంటారో చూస్తా."

వీధంతా నా నోటికి జడిసేది. మూడు రోజులు ఆమె తట్ట నిండుగా వచ్చి నిండుగానే పోయింది. నాలుగో రోజు మా అరుగు మీద కూలబడింది.

"ఈ వీధి పోతే నాకు పొయ్యి వెలగదు పెద్దమ్మా. మా తోటకి రా. తప్పు కనపడితే నువ్వే తట్ట విరగ్గొట్టు."

తప్పు పట్టడానికి రమ్మంటే నేను పోకుండా ఉంటానా? బస్సెక్కాను.

బావికి ఎత్తైన గట్టు. మేకలు రాకుండా చుట్టూ ముళ్ళకంప. తట్టలో శుభ్రమైన అరిటాకు. నాకు చాలా నిరాశ కలిగింది. చివరికి మూలనున్న ఎరువుకుప్ప చూసి, "ఇదిగో, దొరికింది!" అన్నాను.

ఆమె నవ్వేసింది. "అది ఏడాది మాగి మన్నయిపోయిన ఎరువు పెద్దమ్మా. పచ్చి పేడని కీర దగ్గరికి రానిస్తామా? పచ్చిగా నూరుకుని తినేటోళ్ళుంటారు, కడుపు కొట్టుకుపోదూ?"

నా కళ్ళముందు మా బక్కెట్టు గిర్రున తిరిగింది. పేడంటే శుద్ధి అనుకున్నాను. అది వాకిలికేగాని పచ్చడికి కాదని, మూడో తరగతితో బడి మానిన నాకు చెప్పిందెవరు?

"ఏంది పెద్దమ్మా, మొగం అట్టా పెట్టినావు?"

"ఎండ," అన్నాను.

తిరిగొచ్చి వీధిలో గడపగడపకీ చెప్పాను. "నేనే పోయి చూసొచ్చినా. దాని కీరకి దోషం లేదు, కొనుక్కోండి."

"మరి మీ కడుపులు?" అంది ఎదురింటామె.

"ఎండలు," అన్నాను. ఆ ఏడాది ఎండల మీద చాలా నిందలే వేశాను.

ఆ సాయంత్రమే కీరకని ప్లాస్టిక్ బక్కెట్టు కొన్నాను. మర్నాడు ఆమె గుమ్మంలో ఆగి, పక్కపక్కనున్న రెండింటినీ చూసింది. పాతదానికి ఇంకా పేడ చారలున్నాయి.

"మీ ఇంట్లో రెండు బక్కెట్లా పెద్దమ్మా?"

"ఏం, ఉండకూడదా?"

ఆమె పెదవులు బిగించి నవ్వాపుకుంది. ఇంకేదో అనబోయింది. అనేలోపే, చెప్పిన ధరకే మూడు కట్టలు తీసుకున్నాను. నేను బేరమాడకపోవడం ఆ వీధి చూడటం అదే మొదలు.

ఆమె ఒక కొత్తిమీర కట్ట కొసరు వేసి, తట్ట నెత్తికెత్తుకుంది.

"బాగా కడుక్కో పెద్దమ్మా," అంది.